ఈజిప్టు రాజవంశాల కాలక్రమం: ఒకే రాజుకు మూడు తేదీలు ఎందుకు?

గుంటూరు_టీచరు

డిగ్రీ విద్యార్థుల కోసం ప్రాచీన ఈజిప్టు కాలక్రమాన్ని ఒకే పుటలో ఇమిడే పట్టికగా తయారు చేస్తున్నాను. చూసిన ప్రతి పుస్తకంలోనూ సంవత్సరాలు వేరుగా ఉన్నాయి. రెండవ రామ్సెస్ సింహాసనం ఎక్కినది ఒకచోట క్రీ.పూ. 1304 అని, మరొకచోట 1290 అని, ఇంకొకచోట 1279 అని ఉంది. మూడవ థుట్మోస్ విషయంలోనూ 1504, 1490, 1479 అని మూడు సంఖ్యలు కనిపిస్తున్నాయి. మొదటి రాజవంశం దగ్గరికి వచ్చేసరికి పుస్తకానికీ పుస్తకానికీ తేడా వంద సంవత్సరాలు దాటుతోంది. ఇంతకీ ఈ ముప్పై రాజవంశాలను లెక్కకట్టినది ఎవరు, ప్రాచీన రాజ్యం, మధ్య రాజ్యం, నూతన రాజ్యం అనే విభజనకూ వంశాలకూ సంబంధం ఏమిటి, పట్టికలో ఏ తేదీలు వేయడం సబబు అన్నవి నా సందేహాలు. తెలిసినవారు వివరంగా రాయగలరు.

పాతపుటలు

టీచరు గారూ, ముప్పై రాజవంశాలన్న విభజన ఆధునికులు చేసినది కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో, టాలెమీలు అనే గ్రీకు రాజుల ఏలుబడిలో, నైలు డెల్టాలోని సెబెన్నిటోస్‌కు చెందిన మనేథో అనే ఈజిప్టు పూజారి గ్రీకు భాషలో తన దేశ చరిత్ర రాస్తూ రాజులందరినీ ముప్పై వంశాలుగా కూర్చాడు. రెండవసారి వచ్చిన పారశీక పాలనను ముప్పై ఒకటవ వంశంగా చేర్చినది ఆ తరువాతివారు. మూలగ్రంథం మనకు దక్కలేదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో యూదు చరిత్రకారుడు జోసీఫస్ తన వాదనకు పనికివచ్చిన భాగాలను ఉటంకించాడు. 3వ శతాబ్దంలో ఆఫ్రికానస్, 4వ శతాబ్దంలో యుసేబియస్ అనే క్రైస్తవ రచయితలు రాజుల పేర్లనూ పాలనా సంవత్సరాలనూ సంక్షిప్తంగా ఎత్తి రాసుకున్నారు. వీరిద్దరి పాఠాలూ సుమారు 800 ప్రాంతంలో సిన్సెల్లస్ అనే బైజాంటియన్ సన్యాసి చేసిన సంకలనం ద్వారా మనదాకా వచ్చాయి. వీరందరికీ బైబిలు కాలగణనతో ఈజిప్టు చరిత్రను సరిపెట్టాలన్న తాపత్రయం ఉన్నది కనుక, అంకెలు చేతులు మారినప్పుడల్లా కొంత చెదిరాయని ఊహించడం కష్టం కాదు.

మనేథోకు ముందు ఈజిప్షియన్లే రాసుకున్న జాబితాలు మరింత విలువైనవి. అయిదవ వంశకాలపు రాజవార్షికాల శిలాఫలకం ఒకటి ముక్కలై, పెద్ద ముక్క సిసిలీలోని పలెర్మోలో ఉంది. అందులో ఒక్కొక్క సంవత్సరానికి ఒక్కొక్క గడి, ఆ గడిలో ఆ ఏటి ముఖ్య సంఘటన, కింద నైలు వరద ఎత్తు నమోదయ్యాయి. అబైడోస్‌లో మొదటి సేతి కట్టించిన ఆలయం గోడమీద ఆ రాజుతో కలిపి 76 పేర్లున్నాయి. కాని దానిలో హత్షెప్సుత్ లేదు, అఖెనాతెన్ లేడు, టుటన్‌ఖామున్ లేడు, పశ్చిమాసియా నుంచి వచ్చి ఉత్తర ఈజిప్టును ఏలిన హైక్సోసులు లేరు. అది పూర్వరాజులకు నైవేద్యం పెట్టడానికి చెక్కించిన వరుస గనుక, నైవేద్యానికి అర్హులు కారనుకున్నవారిని వదిలేశారు.

వీటన్నిటిలో చరిత్రకారుడికి ఎక్కువ పనికివచ్చేది ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న పపైరస్, అంటే రెల్లు కాగితపు చుట్ట. రెండవ రామ్సెస్ కాలంలో, వాడేసిన పన్నుల లెక్కల కాగితం వెనుకవైపు, ఎవరో గుమాస్తా రాజుల పేర్లను సంవత్సరాలు, నెలలు, రోజులతో సహా రాసుకున్నాడు. హైక్సోసులనూ విడిచిపెట్టలేదు, మధ్య మధ్య మొత్తాలు కూడా వేశాడు. పన్నెండవ వంశానికి 213 సంవత్సరాల 1 నెల 17 రోజులు అన్న మొత్తం అందులో నిలిచి ఉంది. దురదృష్టవశాత్తు ఆ పపైరస్ వందలాది తునకలుగా మిగిలింది. 1824లో ట్యూరిన్‌లో ఆ తునకలను చూసి వాటి విలువను గుర్తించినవాడు ఈజిప్టు చిత్రలిపిని ఛేదించిన షాంపోలియన్.

ఓరుగల్లు_పాఠకుడు

మనేథో అంకెలను యథాతథంగా తీసుకోవచ్చునా? ఏడవ వంశంలో డెబ్బై మంది రాజులు డెబ్బై రోజులు పాలించారని ఎక్కడో చదివాను. చదివిన వెంటనే మిగిలిన అంకెలమీద కూడా నమ్మకం పోయింది.

పాతపుటలు

డెబ్బై మంది, డెబ్బై రోజులు అన్నది ఆఫ్రికానస్ ఇచ్చిన పాఠం. యుసేబియస్ పాఠంలో అదే వంశానికి అయిదుగురు రాజులు, డెబ్బై అయిదు రోజులు. అరాచకాన్ని సూచించే మాటగా దాన్ని తీసుకోవాలి తప్ప లెక్కలోకి ఎక్కించరాదు. అయితే ఒక్క అసంబద్ధత చూసి గ్రంథమంతా తోసిపుచ్చడం కూడా తొందరపాటే అవుతుంది. చివరి వంశాలకు వచ్చేసరికి అతడి వరుస చాలావరకు శాసనాలతో సరిపోతుంది.

ఖూఫు సంగతి చూడండి. మనేథో 63 సంవత్సరాలన్నాడు, హెరోడోటస్ 50 అన్నాడు, ట్యూరిన్ పపైరస్ 23 అంటోంది. 2013లో ఎర్రసముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో ఫ్రెంచి పురావస్తువేత్త పియర్ తాలే బృందానికి ఖూఫు కాలంనాటి పపైరస్‌లు దొరికాయి. పిరమిడ్ కోసం తూరా గనుల నుంచి సున్నపురాయిని పడవలలో మోసుకువచ్చిన మెరెర్ అనే అధికారి దినచర్య వాటిలో ఉంది. వాటిలో కనిపించే ఒక తేదీ 'పదమూడవ పశుగణన తరువాతి సంవత్సరం'. ప్రాచీన రాజ్యంలో పశువుల లెక్క సాధారణంగా రెండేళ్లకొకసారి జరిగేది, సంవత్సరాలకు ఆ గణన పేరే పెట్టేవారు. దానిని బట్టి ఖూఫు పాలన కనీసం 26 లేదా 27వ ఏటి వరకు సాగింది. మనేథో అంకె ఎక్కువ, ట్యూరిన్ అంకె తక్కువ. పైగా గణన కొన్నిసార్లు ఏటేటా కూడా జరిగిందనడానికి ఆధారాలున్నాయి కాబట్టి, ఈ కాలపు రాజులకు రెండింతలు చేసే లెక్క ఎప్పుడూ కొంత అనుమానంతోనే వేయాలి. రెండవ పెపికి మనేథో ఇచ్చిన 94 సంవత్సరాలను అరవై పైచిలుకుగా ఈనాడు చాలామంది తగ్గించి చూపడం కూడా ఇటువంటి ఆధారాల మీదనే.

మెంఫిస్‌బాట

విభజన గురించి నేను రాస్తాను. మూడు రాజ్యాలుగా విడదీయడం 19వ శతాబ్దపు జర్మన్ పండితుడు బున్సెన్‌తో మొదలై, లెప్సియస్ చేతిలో స్థిరపడింది. మధ్యంతర యుగాలు అనే పేర్లు ఇంకా ఆలస్యంగా, 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చాయి. అలాగని ఇది పూర్తిగా బయటివారి ఊహ అనుకోనక్కరలేదు. థీబ్స్‌లోని రెండవ రామ్సెస్ స్మారకాలయంలో మిన్ దేవుడి ఉత్సవ దృశ్యం ఒకటి ఉంది. అక్కడి ఊరేగింపులో పూర్వరాజుల విగ్రహాలు మోస్తుంటారు. మెనెస్, ఆ వెంటనే మెంతుహోతెప్, ఆ తరువాత అహ్మోస్, అక్కడినుంచి పద్దెనిమిదవ వంశపు రాజులు. దేశాన్ని మొదట ఏకం చేసినవాడు, రెండవసారి ఏకం చేసినవాడు, మూడవసారి ఏకం చేసినవాడు అన్న తలంపు ఈజిప్షియన్లకే ఉండేదని ఆ వరుస చెబుతోంది.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న తేదీలు స్థూలంగా ఇవి, అన్నీ క్రీ.పూ. లెక్కన. ఒకటి, రెండు వంశాల ఆది రాజవంశ యుగం సుమారు 3100 నుంచి 2686 వరకు. ప్రాచీన రాజ్యం 2686 నుంచి 2181 వరకు. దీనిలో మూడు నుంచి ఆరు వంశాలు ఖాయం, ఏడు, ఎనిమిదింటిని కొందరు ఇక్కడా కొందరు తరువాతా వేస్తారు. మొదటి మధ్యంతర యుగం 2055 వరకు, మధ్య రాజ్యం 1650 వరకు, రెండవ మధ్యంతర యుగం 1550 వరకు. పద్దెనిమిది నుంచి ఇరవై వంశాల నూతన రాజ్యం 1069 వరకు, మూడవ మధ్యంతర యుగం 664 వరకు, ఇరవై ఆరవ వంశంతో మొదలయ్యే చివరి యుగం 332లో అలెగ్జాండర్ రాక వరకు, ఆపైన టాలెమీలు 30 వరకు.

వంశం మారిందంటే రక్తసంబంధం తెగిందని అర్థం కాదు. పదిహేడవ వంశపు సెకెనెన్రే కొడుకే అహ్మోస్, అయినా హైక్సోసులను తరిమినవాడు గనుక పద్దెనిమిదవ వంశం అతడితో మొదలవుతుంది. ఆ వంశపు చివరివాడు హోరెంహెబ్ రాజకుటుంబంలో పుట్టినవాడే కాదు. కొన్నిచోట్ల రాజధాని మారడం, కొన్నిచోట్ల ఒక ఘనకార్యం, కొన్నిచోట్ల మనకు అంతుబట్టని కారణం వంశాల మధ్య గీత గీశాయి.

అసలు చిక్కు మధ్యంతర యుగాలలో ఉంది. పదమూడవ వంశం ఉత్తరాన ఇత్తావీ నుంచి పాలిస్తున్నప్పుడే డెల్టాలో పద్నాలుగవ వంశం ఉండి ఉండవచ్చు. అవారిస్‌లో పదిహేనవ వంశపు హైక్సోసులు ఏలుతున్న కాలంలో థీబ్స్‌లో పదహారు, పదిహేడు వంశాలు నడిచాయి. 2014లో అబైడోస్‌లో సెనెబ్‌కాయ్ అనే రాజు సమాధి బయటపడ్డాక, మనేథో లెక్కలో లేని స్థానిక వంశం మరొకటి అక్కడ ఉండేదన్న వాదనకు బలం వచ్చింది. ఒకే సమయంలో ఉన్నవారిని ఒకరి తరువాత ఒకరుగా నిలబెడితే ఈ యుగమే కొన్ని వందల ఏళ్లు సాగిపోతుంది. 19వ శతాబ్దపు పుస్తకాలలో మెనెస్‌కు క్రీ.పూ. 4000 దాటిన తేదీలు పడటానికి ప్రధాన కారణం ఇదే. తక్కిన ఏ జాబితా కన్నా ఇక్కడ ట్యూరిన్ పపైరస్ అక్కరకు వస్తుంది. హైక్సోసులు ఆరుగురు, 108 సంవత్సరాలు అని అది మొత్తం వేసింది.

ఓరుగల్లు_పాఠకుడు

ఈ మాట చదువుతుంటే మన శాతవాహనుల తగవు గుర్తుకువచ్చింది. మత్స్య పురాణం లెక్కతో వారికి సుమారు 460 సంవత్సరాలు, వాయు పురాణం లెక్కతో సుమారు 300. పురాణాలు కూడా సమకాలికులైన వంశాలను వరుసలో పేర్చాయన్నది పండితుల అభిప్రాయం.

గుంటూరు_టీచరు

అందరికీ కృతజ్ఞతలు. జాబితాలు ఎన్ని ఉన్నా, వాటిలో ఉన్నది ఎవరు ఎన్నేళ్లు పాలించారన్న మాటే. మొదటి రాజు ఏలుబడి క్రీస్తుకు ఎన్నేళ్ల ముందని ఏ గోడమీదా రాసి ఉండదు కదా. ఈ వరుసను మన కాలరేఖకు ఎక్కడ కట్టారు?

లుబ్ధకుడు

చాలా సరైన ప్రశ్న అడిగారు. ఈజిప్షియన్లకు నడుస్తున్న శకం లేదు. ప్రతి రాజుతోనూ లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. అందువల్ల పై నుంచి కిందికి కాదు, కింది నుంచి పైకి లెక్కించాలి.

గట్టి నేల ఉన్నది క్రీ.పూ. 664 దాకా. పారశీక చక్రవర్తి కాంబైసెస్ 525లో ఈజిప్టును జయించాడు. ఈ తేదీకి బాబిలోనియా ఖగోళ నమోదుల ఆధారం ఉంది, క్రీ.శ. 2వ శతాబ్దపు ఖగోళవేత్త క్లాడియస్ టాలెమీ పేరిట నిలిచిన రాజుల పట్టిక కూడా దానితో ఏకీభవిస్తుంది. చివరి రాజు మూడవ సామెటికస్ పాలించినది కొద్ది నెలలు గనుక అతడి ఆరంభం 526. దానికి పైన అమాసిస్ 44, అప్రీస్ 19, రెండవ సామెటికస్ 6, నెకో 15, మొదటి సామెటికస్ 54. కూడితే 138, 526కు కలిపితే 664. ఈ అంకెలు పొల్లుపోవని ఎలా తెలుసునంటే, సక్కారాలోని సెరాపియం అనే సమాధులలో, దైవంగా పూజించే ఏపిస్ ఎద్దులను సమాధి చేసినప్పుడు అవి ఎప్పుడు పుట్టాయో, ఎప్పుడు చనిపోయాయో, ఎన్నేళ్లు బతికాయో రాతి పలకలమీద చెక్కేవారు. మొదటి సామెటికస్‌కు ముందరి రాజు తహర్కా 26వ ఏట పుట్టిన ఏపిస్ ఒకటి మొదటి సామెటికస్ 20వ ఏట, 21 సంవత్సరాల వయసులో చనిపోయింది. ఆ ఒక్క ఎద్దు పుణ్యమా అని తహర్కా పాలన 690 నుంచి 664 వరకు అని తేలింది.

అంతకు పైన నేల మెత్తబడుతుంది. అక్కడ ఆకాశం సాయం తీసుకున్నారు. సిరియస్, అంటే మన లుబ్ధక నక్షత్రం, ఏటా దాదాపు డెబ్బై రోజులు సూర్యకాంతిలో మునిగి కనబడదు. మన పంచాంగాలలో గురువుకూ శుక్రుడికీ చెప్పే మౌఢ్యమి వంటిదే ఇది. ఆ మౌఢ్యం వీడి తెల్లవారుజామున తూర్పున తొలిసారి కనబడటం నైలు వరద రాకకు సూచన, ఆదర్శంగా నూతన సంవత్సరాది. కాని వారి వ్యవహార సంవత్సరం ముప్పై రోజుల నెలలు పన్నెండు, పైన అయిదు రోజులు, మొత్తం 365. అధికదినం లేదు. కాబట్టి నాలుగేళ్లకొక రోజు చొప్పున నక్షత్రోదయం కేలండరులో తరువాతి తేదీకి జారుతూ, 1460 ఏళ్లకు చుట్టు తిరిగి సంవత్సరాది నాటికే వస్తుంది. క్రీ.శ. 139లో ఆ రెండూ కలిశాయని సెన్సోరినస్ అనే రోమన్ రచయిత చెప్పిన దానినుంచి తెలుస్తోంది. వెనక్కి వెళితే సుమారు క్రీ.పూ. 1320లోనూ, ఇంకా వెనక్కి 2780 ప్రాంతంలోనూ కలిసి ఉండాలి.

లాహున్ ఆలయ పపైరస్‌లలో, మూడవ సెనుస్రెత్ 7వ ఏట ఎనిమిదవ నెల పదహారవ రోజున నక్షత్రోదయం అవుతుందని ఒక పూర్వసూచన ఉంది. అది సంవత్సరంలో 226వ రోజు, అంటే జారుడు 225 రోజులు. నాలుగుతో హెచ్చిస్తే 900 సంవత్సరాలు. 2780 నుంచి తీసివేస్తే 1880, సూక్ష్మ సవరణలతో 1870 ప్రాంతం. ఎబర్స్ వైద్య పపైరస్‌లో మొదటి అమెన్‌హోతెప్ 9వ ఏటికి పదకొండవ నెల తొమ్మిదవ రోజు కనిపిస్తుంది. అదే లెక్కతో అది 1540ల దగ్గరికి వస్తుంది. పన్నెండవ, పద్దెనిమిదవ వంశాల తేదీలు చాలాకాలం ఈ రెండు మేకుల మీదే వేలాడాయి.

పాతపుటలు

లుబ్ధకుడు గారి లెక్క బాగుంది గాని, అది కనిపించేంత గట్టిది కాదని నా అభిప్రాయం. నక్షత్రాన్ని ఎక్కడ నిలబడి చూశారు? దక్షిణానికి ఒక డిగ్రీ వెళితే ఉదయం సుమారు ఒక రోజు ముందు కనబడుతుంది. రోజు తేడా వస్తే నాలుగేళ్ల తేడా వచ్చినట్టే. మెంఫిస్ నుంచి చూస్తే ఎబర్స్ తేదీ 1540లకు, థీబ్స్ నుంచి చూస్తే సుమారు 1517కు పడుతుంది. దక్షిణపు కొసన ఉన్న ఎలిఫెంటైన్ నుంచి చూశారనేవారు లాహున్ తేదీని 1830లకు దించారు. పైగా ఎబర్స్ నమోదు నిజంగా పరిశీలనేనా, నెలల పట్టిక పోలికా అన్నది కూడా వివాదమే. మధ్యలో కేలండరును ఎవరూ సవరించలేదన్న ఊహ ఒకటి దీని కింద ఉంది. ఆ ఊహ మాత్రం చాలావరకు నిలబడుతుందని ఒప్పుకుంటాను. క్రీ.పూ. 238లో కనోపస్ శాసనంతో నాలుగేళ్లకొక రోజు కలపమని ఆజ్ఞాపించినా జనం పట్టించుకోలేదు. చివరకు ఆగస్టస్ కాలంలో గాని ఆ సవరణ నిలవలేదు.

లుబ్ధకుడు

పరిశీలన స్థలం విషయంలో మీరు చెప్పినది నిజం, అందుకే ఇప్పుడు ఎవరూ నక్షత్రం ఒక్కదానిమీద ఆధారపడటం లేదు. టీచరు గారు అడిగిన మూడు సంఖ్యల రహస్యం మాత్రం నక్షత్రంలో కాదు, చంద్రుడిలో ఉంది. రెండవ రామ్సెస్ 52వ ఏట ఒక ఓడ లెక్కల పపైరస్‌లో అమావాస్య తేదీ దొరుకుతుంది. ఈజిప్టు కేలండరులో 25 సంవత్సరాలంటే 9125 రోజులు. అవి దాదాపు సరిగ్గా 309 చాంద్రమాసాలు. కనుక 25 ఏళ్లకొకసారి అమావాస్య మళ్లీ అదే తేదీకి వస్తుంది. 14 ఏళ్లకూ, 11 ఏళ్లకూ కూడా ఒక రోజు అటూ ఇటూగా సరిపోతుంది. ఇప్పుడు 1304, 1290, 1279 తీసుకుని తీసివేతలు చేయండి: 14, 11, మొత్తం 25. థుట్మోస్ 1504, 1490, 1479 కూడా అంతే. చంద్రుడు ఈ మూడు తలుపులు తెరిచి పెట్టాడు. ఏ తలుపులోంచి వెళ్లాలో అతడు చెప్పలేడు.

గుంటూరు_టీచరు

ఈ తీసివేత క్లాసులో బోర్డుమీద చేసి చూపించదగినది. మరి ఏ తలుపన్నది ఎవరు తేల్చారు?

మెంఫిస్‌బాట

పొరుగు రాజ్యాలు. అస్సీరియాలో ఒక్కొక్క సంవత్సరాన్ని ఒక్కొక్క అధికారి పేరుతో పిలిచేవారు. ఆ పేర్ల వరుసలో నమోదైన సూర్యగ్రహణం క్రీ.పూ. 763 జూన్ 15 నాటిదని గణితం చెబుతుంది, దానితో అస్సీరియా కాలక్రమం కొంత ఎగువదాకా గట్టిపడింది. 1887లో అమర్నాలో దొరికిన మట్టిపలకల ఉత్తరాలలో అఖెనాతెన్ కాలపు ఫారోలకు బాబిలోనియా రాజు బుర్నాబురియాష్, అస్సీరియా రాజు అషుర్-ఉబల్లిత్ రాసినవి ఉన్నాయి. రామ్సెస్ తన 21వ ఏట హిట్టైట్ రాజు హత్తుసిలితో సంధి చేసుకున్నాడు. ఆ హత్తుసిలి బాబిలోనియా రాజులతో జరిపిన లేఖావ్యవహారం కూడా దొరికింది. ఈ సమకాలీనతలను కలిపి చూస్తే 1304 నిలబడటం కష్టమైంది, 1290 కన్నా 1279 మెరుగని తేలింది. అప్పుడు సంధి సంవత్సరం 1259 అవుతుంది.

మధ్యలో ఉన్న రాజుల పాలనా సంవత్సరాలూ దీనికి సరిపోవాలి. హోరెంహెబ్ ఇందుకు మంచి ఉదాహరణ. మోస్ అనే అతడి సమాధిలోని భూవివాదపు శాసనంలో హోరెంహెబ్ 59వ సంవత్సరం ప్రస్తావన ఉంది. అఖెనాతెన్ నుంచి ఆయ్ వరకు అందరి సంవత్సరాలనూ తుడిచిపెట్టి హోరెంహెబ్ ఖాతాలో వేశారన్నమాట. దానినుంచి వెనక్కి లెక్కిస్తే అతడికి 27 ఏళ్లు వస్తాయని చాలాకాలం వాదించారు. తీరా అతడి సమాధిలోని ద్రాక్షసారా జాడీలమీది రాతలు ప్రకటితమయ్యాక, వాటిలో 14వ ఏటిని దాటిన తేదీ ఒక్కటీ కనిపించలేదు. ఈ పదమూడేళ్లు ఎగువనున్న ప్రతి రాజు తేదీనీ కదిలిస్తాయి.

కాలగణని

వరుసంతా ఇంత వదులుగా ఉంటే, ఈజిప్టు చరిత్రను రెండు మూడు వందల ఏళ్లు ఇవతలికి జరపాలన్నవారిని ఎందుకు కొట్టిపారేస్తున్నారు? ఇరవై రెండవ వంశపు ఫారో షోషెంక్ తేదీ, అంటే క్రీ.పూ. 925 నాటి దండయాత్ర, బైబిలులో యూదా రాజు రెహబాము 5వ ఏట 'షీషకు' అనే ఈజిప్టు రాజు యెరూషలేముమీదికి వచ్చాడన్న ఒక్క వాక్యంతో ముడివేసినదే కదా. కర్నాక్‌లో షోషెంక్ చెక్కించిన ఊళ్ల జాబితాలో యెరూషలేము పేరు కనిపించదు కూడా.

లుబ్ధకుడు

షోషెంక్ విషయంలో మీ అనుమానం న్యాయమైనదే. ఆ ముడి విప్పితే పది, ఇరవై ఏళ్ల కదలికకు చోటుంటుంది. కాని మూడు వందల ఏళ్లకు చోటు లేదు, ఎందుకంటే పాత మొక్కలలో మిగిలిన కార్బన్-14ను కొలిచి వయసు కట్టే పద్ధతి ఆ దారి మూసింది. 2010లో ఆక్స్‌ఫర్డ్ నేతృత్వంలోని బృందం మ్యూజియంలలో ఉన్న గింజలు, బుట్టలు, కాండాలు వంటి అల్పకాలిక మొక్కల నమూనాలు 211 పరీక్షించి ఫలితాలు ప్రకటించింది. కలప తీసుకుంటే చెట్టు ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు కొట్టారో, ఎన్నిసార్లు తిరిగి వాడారో తెలియదు గనుక దానిని వీలైనంత తప్పించారు. ప్రాచీన రాజ్యంలో జోసెర్ రాజ్యారంభం 2691కీ 2625కీ మధ్య, నూతన రాజ్యం ఆరంభం 1570కీ 1544కీ మధ్య వచ్చాయి. 2013లో ఇదే పద్ధతితో మొదటి వంశపు ఆహా రాజ్యారంభం 3111కీ 3045కీ మధ్య అని అంచనా వేశారు.

కాలగణని

ఆ లెక్కలో రాజుల వరుస, పాలనా సంవత్సరాలు ముందే చేర్చారని చదివాను. అలాంటప్పుడు అది స్వతంత్ర సాక్ష్యం ఎలా అవుతుంది?

లుబ్ధకుడు

వరుస, పాలనల నిడివి చేర్చిన మాట నిజమే. అవి ఒక రాజుకూ మరొక రాజుకూ మధ్య దూరాన్ని బిగిస్తాయి తప్ప, వరుస మొత్తాన్ని కాలరేఖమీద ఎక్కడ నిలబెట్టాలో చెప్పవు. ఆ స్థానం మొక్కలలోని కార్బన్ నుంచే వచ్చింది. రెండు మూడు వందల ఏళ్లు జరపాలనే వాదం నూతన రాజ్యపు వరుస మొత్తాన్ని ఇవతలికి జరపమంటోంది గనుక, సరిగ్గా ఆ చోటే ఈ సాక్ష్యం స్వతంత్రంగా నిలుస్తుంది. ఒక రాజు పదిహేనేళ్లు పాలించాడా ఇరవై ఏడేళ్లా అన్నదానికి మాత్రం ఇది జవాబు కాదు, ఆ మేరకు మీతో ఏకీభవిస్తాను.

భాగ్యనగరి

మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఉన్న మమ్మీని 'ఆరవ ఫారో కుమార్తె' అని పత్రికలలో తరచూ రాస్తుంటారు. ఆ మాటకు పట్టికలో చోటు ఎక్కడ?

పాతపుటలు

ఎక్కడా లేదు. వరుసలో ఆరవ ఫారో అంటే మొదటి వంశంలో, క్రీ.పూ. 2900 ప్రాంతంలో పడతాడు. ఏడవ నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చిన ఆ మమ్మీని నిపుణులు టాలెమీల కాలానిదిగా చెబుతున్నారు. రెంటికీ మధ్య రెండున్నర వేల సంవత్సరాలున్నాయి. వంశం పేరు లేకుండా 'ఇన్నో ఫారో' అనడంలో ఉన్న ప్రమాదం ఇదే.

టాలెమీల మాట వచ్చింది కనుక, ఓరుగల్లు_పాఠకుడు గారి పోలికను కొంచెం పొడిగిస్తాను. మనేథో చరిత్ర రాసినది రెండవ టాలెమీ కాలంలోనని ఎక్కువమంది నమ్మకం. అదే రాజు పేరు 'తురమాయ' అని అశోకుడి పదమూడవ శిలాశాసనంలో ఉంది. అంతియోకస్, అంటిగోనస్, మాగస్, అలెగ్జాండర్‌లతో కలిపి అయిదుగురు యవన రాజులను అశోకుడు పేర్కొన్నాడు. అయిదుగురూ బతికి ఉన్న కాలం క్రీ.పూ. 3వ శతాబ్దం మధ్యలో కొద్ది సంవత్సరాలే గనుక అశోకుడి తేదీ, దానితో మౌర్యుల తేదీ స్థిరపడ్డాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నది ఈ పెద్ద శిలాశాసనాల పాఠమే. రామ్సెస్‌కు హత్తుసిలి చేసిన మేలు అశోకుడికి టాలెమీ చేశాడు.

మెంఫిస్‌బాట

పట్టికలో మూడవ మధ్యంతర యుగాన్ని రాసేటప్పుడు టీచరు గారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఇరవై ఒకటవ వంశం తానిస్‌లో ఉండగా దక్షిణాన ఆమున్ ప్రధానార్చకులు దాదాపు రాజులవలెనే పాలించారు. ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు వంశాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. ఇరవై అయిదవ వంశపు కుషు (నేటి సూడాన్ ప్రాంతం) రాజులలో షబాకా తరువాత షెబిత్కూ అని పాత పుస్తకాలన్నీ రాస్తాయి. కాని పశ్చిమ ఇరాన్‌లో తంగ్-ఇ-వర్ దగ్గర ఉన్న అస్సీరియా రాజు రెండవ సర్గోన్ శాసనం 1999లో ప్రకటితమైంది. అష్దోద్ నుంచి పారిపోయిన తిరుగుబాటుదారు యమానిని షెబిత్కూ అస్సీరియాకు అప్పగించాడని అందులో ఉంది. శాసనం క్రీ.పూ. 706 ప్రాంతానిది గనుక షెబిత్కూ అప్పటికే రాజు. పాత వరుస ప్రకారం అతడు 702 ప్రాంతంలో గాని గద్దె ఎక్కడు. అందువల్ల షెబిత్కూయే ముందు, షబాకా తరువాత అనేవారు ఈ పదేళ్లలో బాగా పెరిగారు.

పాతపుటలు

పెరిగారు గాని అందరూ ఒప్పుకోలేదు. మనేథో క్రమం షబాకాతోనే మొదలవుతుంది. పాత వరుసను ఉంచి, షబాకా తేదీలను వెనక్కి జరిపినా శాసనంతో పేచీ తీరుతుంది.

మెంఫిస్‌బాట

తేదీలు జరిపితే పేచీ తీరుతుంది, నిజమే. కాని కర్నాక్ రేవుగోడమీది నైలు వరద నమోదులు, అల్ కుర్రులోని సమాధుల నిర్మాణ క్రమం కూడా షెబిత్కూనే ముందు నిలబెడుతున్నాయని కొత్త వరుసవారు చూపుతున్నారు. ఒక్క శాసనమే అయితే నేను కూడా మీ పక్షాన ఉండేవాణ్ణి.

గుంటూరు_టీచరు

పట్టికను ఈ విధంగా మార్చుకుంటున్నాను. క్రీ.పూ. 664 నుంచి ఇవతల ఉన్న తేదీలను మాత్రమే 'సుమారు' అన్న మాట లేకుండా వేస్తాను. 664కు, 1550కు మధ్య ఉన్నవాటికి 'సుమారు' అని చేర్చి, రామ్సెస్‌కు 1279, థుట్మోస్‌కు 1479 తీసుకుంటాను. పన్నెండవ వంశానికి రెండు అంచనాలూ పక్కపక్కన ఇస్తాను. ప్రాచీన రాజ్యపు తేదీలను సంఖ్యగా కాక శతాబ్దంగా చూపుతాను. మధ్యంతర యుగాలలో వంశాలను ఒకదాని కింద ఒకటి కాకుండా, ఏ ఊరినుంచి పాలించారో ఆ ఊరి పేరుతో నిలువు వరుసలుగా పక్కపక్కన నిలబెడతాను. షబాకా, షెబిత్కూల మధ్య వరుస చెప్పకుండా ఇద్దరినీ ఒకే గడిలో వేస్తే సరిపోతుందా?

మెంఫిస్‌బాట

సరిపోతుంది. ఆ గడికి కింది అంచు 690 అని రాయండి. అక్కడినుంచి తహర్కా కనుక అది కదలదు. పై అంచును ఖాళీగా వదిలేయండి.

లుబ్ధకుడు

చివరి వరుసలో 332 దగ్గర ఆపకండి. టాలెమీలను మనేథో లెక్కపెట్టలేదు గాని, ఆలయ గోడలమీద వారు కూడా ఫారోల వేషంలోనే ఉన్నారు. క్రీ.పూ. 30 దాకా తీసుకువెళ్లండి.